యానాం నుంచి ఒక్కరోజు బౌద్ధ యాత్ర: వెళ్ళాలా, వద్దా?

అత్తయ్య మనవరాలి ఓణీల ఫంక్షన్‌కని పోయిన మాఘమాసంలో యానాం వెళ్ళాం. అమ్మా నాన్నా, మేము ముగ్గురు తోబుట్టువులం, మా వాళ్ళు, పిల్లలు, అందరం కలిపి తొమ్మిది మందిమి. ఫంక్షన్ రెండో రోజుకే అయిపోయింది. తిరుగు రైలు ఇంకో రెండు రోజులకి. ఆ రాత్రి భోజనాల దగ్గర బావ ఫోన్ తీసి ఒక ప్రకటన చూపించాడు. ఒక్కరోజులో ప్రాచీన బౌద్ధ దేవాలయాల దర్శనం, గైడ్‌తో సహా, మనిషికి 1,500 రూపాయలు. పొద్దున్న ఐదింటికి యానాంలో ఎక్కించుకుంటారు, రాత్రి తొమ్మిదింటికి దింపుతారు. మర్నాడు మధ్యాహ్నంలోగా అడ్వాన్సు కట్టాలి.

తొమ్మిది మందికి 13,500. అది పెద్ద మొత్తమే. కానీ మమ్మల్ని ఆలోచనలో పడేసింది డబ్బు కాదు. నాన్నకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయి. సింధనూరు దగ్గర మా క్యాంపు నుంచి ఆయన్ని ఇక్కడిదాకా రప్పించడానికే రెండేళ్ళు బతిమాలాం. మళ్ళీ ఇటువైపు వస్తారో లేదో తెలీదు. ఆ మాట ఎవరం పైకి అనలేదు గానీ, మిగిలిన ఒక్క రోజుని దేనికి ఖర్చు పెట్టాలన్నది అందుకే అంత పెద్ద ప్రశ్న అయి కూర్చుంది.

ఇంట్లో తలా ఒక మాట. ప్రకటనలో అడుగున అన్నవరం కూడా ఉందని అమ్మ వెంటనే సరేనంది. పిల్లలకి వ్యాన్ ఎక్కితే చాలు. అత్తయ్య మాత్రం నవ్వేసింది. "బుద్ధుడి గుళ్ళా? ఇక్కడెక్కడున్నాయిరా? నేనీ ఇంటికొచ్చి అరవై ఏళ్ళయింది. మీసాల వెంకన్న గుడి తెలుసు, ద్రాక్షారామం తెలుసు, చర్చి తెలుసు, మసీదు తెలుసు. ఇదెప్పుడూ విన్లేదు." నాన్న చివర్లో అడిగారు: "గుడికెళ్తే దణ్ణం పెట్టుకోడానికి ఎవరో ఒకరుండాలి కదా. అక్కడెవరున్నారు?"

ఆ ప్రశ్నకి ఆ రాత్రి మా దగ్గర జవాబు లేదు. అందుకని ముందు ప్రకటనలో ఉన్న చోట్లు ఏమిటో చూసుకున్నాం.

'దేవాలయాలు' అన్న మాటే మొదటి చిక్కు. మన జిల్లాల్లో ఉన్న బౌద్ధ స్థలాల్లో చాలావరకు పూజలు జరిగే గుళ్ళు కావు. పూజారి ఉండడు, హారతి ఉండదు, ప్రసాదం ఉండదు. ఉండేవి మూడు రకాలు. ధాతువులనో, పవిత్రమైన వస్తువులనో లోపల పెట్టి పైన కట్టిన గుండ్రటి కట్టడం స్తూపం. భిక్షువులు కలిసి పూజ చేసుకునే మందిరం చైత్యం. వాళ్ళు వానాకాలం తలదాచుకున్న గదులు విహారం. ఇవాళ మనకి కనబడేది ఇటుకల దిబ్బ, లేదా కొండలో తొలిచిన గుహ. ఇది తెలియకుండా వెళ్తే అన్నవరం తర్వాత ఏ చోటైనా బోసిగానే కనబడుతుంది.

ఆ ప్రకటనలో రెండే బౌద్ధ స్థలాలున్నాయి. మొదటిది పిఠాపురం దాటాక వచ్చే కొడవలి. అక్కడ కొండరాయి మీద శాతవాహన రాజు చండసాతి శాసనం ఉంది. శాతవాహనుల ఆఖరి రాజుల్లో ఒకడు. రెండోది అనకాపల్లి దగ్గర శంకరం ఊళ్ళో బొజ్జన్నకొండ. సంఘారామమే జనం నోట్లో శంకరం అయిందంటారు. వందేళ్ళ కిందట, 1900ల తొలి దశకంలో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపించాడు. కొండలో తొలిచిన గుహలు, రాతిలో చెక్కిన బుద్ధుడు, పక్కనే లింగాలమెట్ట మీద వరసలు వరసలుగా రాతిస్తూపాలు. నిజంగా చూడాల్సిన చోటే. కానీ మెట్లెక్కాలి. మిగతావి పిఠాపురం గుడి, అన్నవరం కొండ, ఒక హోటల్లో భోజనం.

మాకు బుద్ధుడి మీద ఇంత ఆసక్తి ఎక్కడిదని అత్తయ్య అడిగింది. మస్కి వల్ల అని చెప్పాం.

మస్కి మా క్యాంపుకి దగ్గరే. తుంగభద్ర ఎడమ కాలువకి నీళ్ళొచ్చాక తాతయ్య గౌతమి అవతల ఉన్న రెండెకరాలు అమ్మేసి, సింధనూరు వైపు రేగడి నేల కొన్నారు. మేము అక్కడే పుట్టాం, కన్నడ మీడియం బళ్ళో చదువుకున్నాం. తెలుగు రాయడం ఇంట్లో నేర్చుకున్నదే. ఏడో తరగతిలో మా సమాజ మేష్ట్రు మమ్మల్ని ఒక లారీలో ఎక్కించి మస్కి తీసుకెళ్ళారు. కొండ పక్కన ఒక రాయి. నీడలో రెండు మేకలు పడుకుని ఉన్నాయి. ఇంతేనా అనుకున్నాం. అప్పుడు మేష్ట్రు చెప్పారు. దేశమంతా శాసనాల్లో 'దేవానాంపియ', అంటే దేవతలకి ఇష్టుడు అని ఒక రాజు మాట్లాడుతున్నాడు గానీ, ఆయన సొంత పేరు చాలాకాలం ఏ రాతి మీదా దొరకలేదు. 1915లో బంగారు ఖనిజం కోసం వెతుకుతూ వచ్చిన బీడన్ అనే ఇంజనీరు ఈ రాయిని చూశాడు. దీని మీద అశోకుడని పేరుంది. ఆ తర్వాత ఆ పేరున్న రాళ్ళు ఇంకొన్ని దొరికాయి, మొదట దొరికింది మాత్రం ఇదే.

మేష్ట్రు అరచేత్తో నీళ్ళు చల్లి, ఆ తడిలో అక్షరాలు చూపించారు. మేకలు లేచి వెళ్ళిపోయాయి. మేము గంటసేపు కదల్లేదు. ఆ తర్వాత ఎవరెవరినో చుట్టాలని తీసుకుని మస్కికి నాలుగైదుసార్లు వెళ్ళాం. చెప్పడం మాకు సరిగ్గా రాని రోజున వాళ్ళు పది నిమిషాల్లో కారెక్కేశారు. రాయి అదే, చెప్పేవాళ్ళు వేరు.

అందుకని గైడ్ దండగ అని మేము ఎప్పుడూ అనుకోం. పుస్తకం చదువుకుని వెళ్తే చాలదా అని బావ అన్నాడు. చాలదు. రాయి ముందు నిలబెట్టి, వేలు పెట్టి చూపించే మనిషి కావాలి. చెప్పేవాడు లేకపోతే ఏమవుతుందో ఈ స్థలాలే సాక్ష్యం. బొజ్జన్నకొండ దగ్గర కనుమ నాడు తీర్థం జరుగుతుంది. అక్కడున్న ఒక రాతి ఆకారాన్ని రాక్షసుడనుకుని జనం ఏళ్ళ తరబడి రాళ్ళు విసిరేవారు. అది బౌద్ధుల చోటని చెప్పి మాన్పించడానికి వారసత్వ సంపద మీద ప్రేమున్నవాళ్ళు చాలా తిరగాల్సొచ్చింది. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో సంగతి ఇంకో రకం. అక్కడ కొండలో గుండ్రంగా తొలిచిన చైత్యంలో పైకప్పుకి, కర్రతో కట్టిన గుడిసె వాసాల్లాగే రాతిలో వాసాలు చెక్కారు. మధ్యలో ఉన్న స్తూపాన్ని జనం ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. ఒకచోట రాయి విసిరారు, ఒకచోట దణ్ణం పెట్టారు. రెండు చోట్లా అది ఏమిటో చెప్పేవాళ్ళు మధ్యలో ఎక్కడో ఆగిపోయారు.

ఇంతవరకు వచ్చాక మా ప్రశ్న మారింది. బౌద్ధ స్థలాలు చూడాలా వద్దా అని కాదు. ఈ టూర్లో చెప్పేవాడున్నాడా, వినడానికి టైముందా?

పొద్దున్నే ఆ టూర్ వాళ్ళకి ఫోన్ చేశాం. మాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసే వాళ్ళున్నారు కాబట్టి ప్రశ్నలు ముందే రాసుకున్నాం. ఒక్కో చోట ఎంతసేపు ఆపుతారు? గైడ్ ఎవరు, ఏ చోట ఎక్కుతారు? పెద్దవాళ్ళు ఎక్కలేని చోట కింద నీడ, మరుగుదొడ్డి ఉన్నాయా? యానాం బండి ఆంధ్రాలోకి వెళ్తే పర్మిట్ ఖర్చు వేరేనా? ఒక చోటు తీసేసి మిగతా చోట ఎక్కువసేపు ఉండొచ్చా?

అవతలాయన మర్యాదగానే మాట్లాడాడు. బొజ్జన్నకొండ దగ్గర గంట. కొడవలి దగ్గర ఇరవై నిమిషాలు. పిఠాపురంలో గంట, అన్నవరంలో రెండు గంటలు, భోజనానికి గంట. గైడ్ గురించి అడిగితే కాస్త ఆగి, "డ్రైవర్ గారికి అన్నీ తెలుసండీ, పదేళ్ళ నుంచి తిప్పుతున్నారు" అన్నాడు. చోట్లు మార్చడం కుదరదు, మిగతా పార్టీలు కూడా ఉంటాయి. పర్మిట్ ఖర్చు వాళ్ళదే.

కాగితం మీద లెక్క వేశాం. యానాం నుంచి అనకాపల్లి పోనూ రానూ మూడొందల కిలోమీటర్ల పైనే. రోడ్డు మీదే ఎనిమిది గంటలు పోతాయి. పదహారు గంటల రోజులో బౌద్ధానికి మిగిలేది గంటా ఇరవై నిమిషాలు. అందులో కూడా నాన్న బొజ్జన్నకొండ కింద వ్యాన్‌లో కూర్చుని ఉంటారు.

దాన్ని చెడ్డ టూర్ అని మేము అనం. అన్నవరం వెళ్ళాలనుకునే వాళ్ళకి, దార్లో ఒక కొత్త చోటు చూద్దామనుకునే వాళ్ళకి 1,500 న్యాయమైన ధరే. మాకు కావలసింది మాత్రం అందులో లేదు. అడ్వాన్సు కట్టలేదు.

అమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. అప్పుడు అత్తయ్యే దారి చూపించింది. అమలాపురంలో వాళ్ళ దూరపు చుట్టం ఒకాయన కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరయ్యారు. ఆయనకి ఫోన్ చేస్తే, "అంత దూరం ఎందుకండీ, మన ఆదుర్రు ఉంది కదా, రండి" అన్నారు. ఆదుర్రు పేరు అత్తయ్యకి తెలుసు. వైనతేయ పక్కన, మామిడికుదురు మండలంలో ఉన్న ఊరు. పెళ్ళి సంబంధం కోసం ఒకసారి వెళ్ళిందట కూడా. అక్కడ స్తూపం ఉందని తెలీదు.

వ్యాన్ మాట్లాడుకుని మర్నాడు ఏడింటికి బయల్దేరాం. యానాం నుంచి బాలయోగి గారి పేరు పెట్టిన వంతెన మీదుగా ఎదుర్లంక వైపు దాటుతుంటే నాన్న కిటికీ అద్దం దింపమన్నారు. ఆయన చిన్నప్పుడు అక్కడ పంటు మీద దాటేవాళ్ళట. ఎడ్లబండీ, మనుషులూ, అరటిగెలలూ అన్నీ ఒకే పంటు మీద. తాతయ్య క్యాంపుకి వెళ్ళిన రోజు కూడా సామానంతా దాని మీదే దాటించారు. నాన్నకి అప్పుడు పదేళ్ళు. ఇది మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ ప్రకటనలో చెప్పిన ఉత్తరం దారిలో వెళ్ళుంటే ఈ వంతెన ఎక్కేవాళ్ళమే కాదు.

అమలాపురంలో మాస్టారిని ఎక్కించుకుని, బోడసకుర్రు దగ్గర వైనతేయ దాటి ఆదుర్రు చేరేసరికి తొమ్మిదిన్నర. యానాం నుంచి సుమారు అరవై కిలోమీటర్లు, మధ్యలో టిఫిన్. చుట్టూ కొబ్బరితోటలు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. మట్టీ ఇటుకలూ కలిసిన దిబ్బ. పిల్లలు మమ్మల్ని చూశారు. మస్కిలో మేము మేష్ట్రుని చూసినట్టే.

మాస్టారు కర్రపుల్లతో నేల మీద బొమ్మ గీశారు. ముందు ఒక బండిచక్రం. మధ్యలో కుండ, చుట్టూ ఆకులు, బయట అంచు. స్తూపం అడుగు ఇలా చక్రంలా ఇటుక గోడలతో కట్టి, గోడల మధ్య మట్టి నింపుతారు. మొత్తం ఇటుకతో నింపితే అయ్యే ఖర్చు తగ్గుతుంది, బరువు నాలుగు వైపులకీ సర్దుకుంటుంది, పైగా చక్రం వాళ్ళ ధర్మానికి గుర్తు. నాలుగు దిక్కులా అరుగులు బయటికి వస్తాయి, వాటిని ఆయకాలు అంటారు. బొమ్మ చూశాక దిబ్బ వైపు తిరిగితే అప్పటిదాకా లేని గీతలు కనబడ్డం మొదలెట్టాయి. చిన్నది అరిచింది, "ఇదిగో ఆకు!"

నాన్న వంగి ఇటుకల్ని చూశారు. క్యాంపులో మా ఇల్లు కట్టినప్పుడు ఇటుక బట్టీ ఆయనే దగ్గరుండి కాల్పించారు. ముట్టుకోకుండా, గాల్లోనే జాన పెట్టి కొలిచారు. ఇంత పొడుగు ఇటుక ఈ మెత్తని లంక మట్టితో వంకర పోకుండా ఎలా కాల్చారని మాస్టారిని అడిగారు. ఇద్దరూ పావుగంట ఊక గురించీ, ఆరబెట్టడం గురించీ మాట్లాడుకున్నారు. ఆ మాటలు మేము సగమే అర్థం చేసుకున్నాం.

తర్వాత నాన్న తన పాత ప్రశ్నే మళ్ళీ వేశారు: ఇక్కడ దణ్ణం ఎవరికి పెట్టాలి? మాస్టారు చెప్పింది చాలా చిన్న మాట. స్తూపానికి లోపలికి వెళ్ళడం ఉండదు, దాని చుట్టూ తిరగడమే పూజ. మెట్లు లేవు, గర్భగుడి లేదు. నాన్న చెప్పులు విప్పారు. పెద్ద మనవడి భుజం పట్టుకుని మెల్లగా, నాలుగుసార్లు ఆగుతూ ఒక ప్రదక్షిణ చేశారు. అమ్మ వ్యాన్ దిగొచ్చి ఆయన వెనకాల నడిచింది.

అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ ఇక్కడ ఆగి ఈ స్తూపానికి పునాది వేసిందని ఊళ్ళో చెప్పుకుంటారని మాస్టారు అన్నారు. వెంటనే ఆయనే సర్దారు. ఇది జనం చెప్పుకునే మాట, శాసనంలో ఉన్నది కాదు. మహావంశం ప్రకారం ఆవిడ బోధివృక్షం కొమ్మ తీసుకుని ఓడెక్కింది బెంగాల్లో తామ్రలిప్తి రేవులో. గైడ్ అంటే మాకు ఇలాంటి మనిషి కావాలి. కథ చెప్పాలి, ఇది కథ అని కూడా చెప్పాలి.

నాన్నకి ఆ తేడా పెద్దగా పట్టలేదు. "అశోకుడంటే మన మస్కి రాయి ఆయనేనా?" అని మమ్మల్ని అడిగారు. అవునన్నాం. ఆయన కాసేపు దిబ్బ వైపు చూసి, "అయితే తండ్రి మన ఊరి దగ్గర, కూతురు మన పాతూరి దగ్గర" అన్నారు.

కన్నడలో ప్రవాస అంటే టూర్. బళ్ళో మేము నేర్చుకున్నది ఆ మాటే. తెలుగులో ప్రవాసం అంటే సొంత ఊరొదిలి వేరేచోట ఉండటమని చాలా ఏళ్ళ తర్వాత గానీ మాకు తెలీలేదు. ఆ రోజు రెండు అర్థాలూ ఒకే వ్యాన్‌లో ఉన్నాయి.

అన్నీ బాగా జరిగాయని చెప్పం. పిల్లలు నలభై నిమిషాల తర్వాత ఫోన్లు తీశారు. పదకొండుకే ఎండ మండిపోయింది. తాగే నీళ్ళు మేము తెచ్చుకున్నవి కాక ఇంకో మూడు సీసాలు కొనాల్సొచ్చింది. అమ్మకి అన్నవరం బాకీ ఉండిపోయింది. దానికి బదులుగా మర్నాడు పొద్దున్న రైలుకి ముందు ద్రాక్షారామం వెళ్ళొచ్చాం. ద్రాక్షారామం, సామర్లకోట కుమారారామం, పాలకొల్లు క్షీరారామం, భీమవరం సోమారామం, అమరారామం, ఈ పంచారామాల పేర్లలో ఉన్న 'ఆరామం' బౌద్ధుల సంఘారామాల నుంచి వచ్చిందని కొందరు చరిత్రకారులంటారు. అందరూ ఒప్పుకోరు. అమ్మ ఆ మాట విని, "సరేలే, ఎవరి తోటైతేనేం, స్వామి ఉన్నాడు" అని భీమేశ్వరుడికి దణ్ణం పెట్టుకుంది.

ఖర్చు లెక్క కూడా రాసి పెడుతున్నాం, మన వాళ్ళకి పనికొస్తుంది. వ్యాన్‌కి 4,500. తొమ్మిది మందికీ మాస్టారికీ టిఫినూ భోజనమూ కలిపి 2,400. మాస్టారు డబ్బులు ముట్టుకోలేదు. అత్తయ్య పంచెల చాపు పెట్టి పంపించింది. మధ్యాహ్నం మూడింటికల్లా యానాం వచ్చేశాం, సాయంత్రం గోదావరి ఒడ్డున నడిచాం.

మన క్యాంపు నుంచి యానాం వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఇలాంటి టూర్ బుక్ చేసుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఆ చోట నిలబడేది ఎంతసేపు? అక్కడ నిలబడి చెప్పేది ఎవరు? రెంటికీ సరైన జవాబొస్తే ఎంత దూరమైనా వెళ్ళొచ్చు. ఓపికున్న వాళ్ళు బొజ్జన్నకొండకి ఒక రోజంతా పెట్టుకోండి, దాంతో ఇంకేదీ కలపకండి. పెద్దవాళ్ళుంటే ఆదుర్రు చాలు. కాలేజీలో, బళ్ళో చరిత్ర చెప్పిన వాళ్ళు ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరుంటారు. అడిగితే వస్తారు.

క్యాంపుకి తిరిగొచ్చిన వారానికి నాన్న మమ్మల్ని మస్కి తీసుకెళ్ళమన్నారు. ఇన్నేళ్ళలో ఆయన ఆ రాయిని ఒక్కసారీ చూడలేదట, ఆ సంగతి మాకిప్పుడే తెలిసింది. వెళ్ళాం. మొన్న ఫోన్ చేసి, గుంటుపల్లికి ఎన్ని మెట్లుంటాయో కనుక్కోమన్నారు. కనుక్కుంటున్నాం.